మూడు సూతుల పొట్టి సింహం

కూర్మారావుకి కోపం తెప్పించడం జంషెడ్‌పూర్ పర్సుడీహ్ బజారులో అందరికీ వచ్చిన విద్యే. ముదిరిన బెండకాయ అంటగడితే వస్తుంది. లేతవే ఇచ్చి "చూసుకోండి అంకుల్" అన్నా వస్తుంది, నేను చూసుకోకుండా కొంటాననుకున్నావా అని. కానీ ఆ ఫిబ్రవరిలో వచ్చిన కోపం కూరగాయల కోపం కాదు. అది ఫోన్లో వచ్చింది, కూతురు పంపిన ఫొటోలో.

సౌజన్య ఆఫీసు వాళ్ళతో విహారయాత్రకి ఒరిస్సా వెళ్ళింది. కుసుమగడ అనే పాత సంస్థానం ఊళ్ళో, కోటలో నాలుగు గదులు మ్యూజియం చేసి పెట్టారట. దాని మెట్లకి అటూ ఇటూ రెండు ఇనుప సింహాలు. మధ్యలో నిలబడి నవ్వుతూ ఫొటో దిగి, "పాపా, దేఖో, దాదాజీ కా షేర్!" అని, తాతయ్య సింహం చూడమని హిందీలో రాసి పంపింది. కూర్మారావు కూతురి నవ్వు చూడలేదు. సింహాల్నీ సరిగ్గా చూడలేదు. వెనక గోడ మీద ఉన్న చిన్న అట్టని రెండు వేళ్ళతో పెద్దది చేసుకుని, పైన రాజుగారి బిరుదులు వదిలేసి చదివాడు.

"జోడు సింహాలు. పోత ఇనుము. రెండూ ఇంగ్లండ్‌లో చేయించి తెప్పించినవి. ఎత్తు ముప్పై ఆరు అంగుళాలు."

"రెండూనా?" అన్నాడు ఖాళీ గదిలో. "ఏటిది! రెండూనా!"

ఆ కోపం అర్థం కావాలంటే అసిరయ్య గురించి చెప్పాలి. అసిరయ్య కూర్మారావు తండ్రి. పాలకొండ వైపు నుంచి చిన్నతనంలో రైలెక్కి జంషెడ్‌పూర్ వచ్చి, అక్కడి భాలుబాసాలో ఒకే గది ఇంట్లో కాపురం పెట్టి, ఒక చిన్న పోత కార్ఖానాలో మోల్డరుగా చేరాడు. అంటే ఇసుకలో అచ్చు తీసి, అందులో కరిగిన ఇనుము పోసేవాడు. అరవై ఎనిమిదిలో కుసుమగడ కోట ముందు లారీ ఒకటి వెనక్కి వచ్చి ఒక సింహాన్ని గుద్ది పగలగొట్టేసింది. రాజుగారి మేనేజరు మిగిలిన సింహాన్ని లారీ ఎక్కించి జంషెడ్‌పూర్ తెచ్చి, "అచ్చం ఇలాంటిది ఇంకొకటి" అన్నాడు. అసిరయ్య పోశాడు. అయిదేళ్ళ కూర్మారావు కార్ఖానా దొడ్లో ఒక సింహం మీద ఎక్కి కూర్చున్నాడు కూడా. ఏ సింహమో గుర్తు లేదు.

పోసిన సింహం మూడు సూతులు పొట్టిగా వచ్చింది. అంగుళంలో ఎనిమిదో వంతుని కార్ఖానాలో సూత్ అంటారు. కరిగిన ఇనుము చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, అడుగుకి ఇంచుమించు ఒక సూత్. అందుకని మామూలుగా ముందు కట్టెతో ఫర్మా, అంటే నమూనా, చేస్తారు, ఆ ముడుచుకునే మేరకి కొంచెం పెద్దగా. అసిరయ్యకి ఫర్మా లేదు. ఉన్న సింహం మీదే ఇసుక దట్టించి అచ్చు తీశాడు. తీసుకెళ్ళడానికి వచ్చిన మేనేజరు రెండింటి తలల మీద కర్ర అడ్డంగా పెట్టి చూసి, అందరి ముందూ, "దొరల సింహం పక్కన మీ సింహం పిల్లిలా ఉందయ్యా" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి పోయేదాకా భాలుబాసాలో ఆయన పేరు పొట్టి సింహం అసిరయ్య. పెళ్ళి భోజనాల్లో పిలిచారు. క్షౌరశాలలో పిలిచారు. ఆఖరికి శ్మశానంలో కూడా ఎవడో "ఏ అసిరయ్య? పొట్టి సింహమేనా?" అని అడిగాడు. కూర్మారావు వాడితో ఇప్పటికీ మాట్లాడడు.

ఏభై ఏళ్ళు మనిషిని ఆ సింహంతో ఎగతాళి చేసి, ఇప్పుడు అసలు ఆ సింహం ఆయనది కానే కాదంటే?

"నాను ఎల్తాను," అన్నాడు భార్యతో.

శ్రీదేవి చిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. "ఎక్కడికి?"

"మ్యూజియాలు చూసి వత్తాను. దార్లో రెండున్నాయి. చివర్న కుసుమగడ."

"మ్యూజియాలా? మొన్న పెళ్ళికి విశాఖపట్నం ఎల్తే బీచ్ మీద జలాంతర్గామి చూడమంటే, లోపల ఉక్కగా ఉంటాదని బయటే కూకున్నావు."

"నువ్వూ రా."

"నా మోకాళ్ళకి మీ నాన్న సింహం ఏటి సేత్తాది? పూరీ తీసుకెల్తానంటే వత్తాను."

కూతురు ఫోన్లో "పాపా, బైక్ పే అకేలే మత్ జావో నా" అంది, ఒక్కడే బైకు మీద వెళ్ళొద్దని. తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే ఆ అలవాటు మీద కూడా ఆయనకి కోపమే. ఒక్కడే వెళ్ళాలనే నిశ్చయం దాంతో ఖాయమైంది. పాత స్ప్లెండర్ సర్వీసింగ్ చేయించి, రెండు జతల బట్టలు, ఆవకాయ డబ్బా, చొక్కా జేబులో తన ఉక్కు స్కేలు పెట్టుకుని బయల్దేరాడు. ఆ స్కేలు లేకుండా ఆయన గుమ్మం దాటడు. ఆదిత్యపూర్‌లో ఒక ఫౌండ్రీలో ముప్పై ఎనిమిదేళ్ళు ఫర్మా మిస్త్రీగా చేశాడు. రిటైరైన రోజున తోటివాళ్ళు ఆయన స్కేలునే తుడిచి, ఎర్ర రిబ్బను కట్టి ఆయనకే బహుమతిగా ఇచ్చారు.

నడుం ఊరుకోదు కాబట్టి రోజుకి ఎనభై కిలోమీటర్లు మించకూడదని శ్రీదేవి షరతు. మొదటిరోజు సాయంత్రం ఒక లాడ్జి ముందు దిగాడు. కౌంటర్లో మనిషి ఆధార్ కార్డు చూశాడు, ఆయన్ని చూశాడు, ఆయన వెనక ఎవరూ లేకపోవడం చూశాడు.

"అకేలే హై?"

"అవును, ఒక్కణ్ణే."

"పని మీదా?"

"మ్యూజియం చూడ్డానికి."

కౌంటర్ మనిషి పెన్ను కింద పెట్టాడు. అరవై దాటిన మనిషి, ఒక్కడూ, జంషెడ్‌పూర్ నుంచి, మ్యూజియం చూడ్డానికి! అలాంటి అబద్ధాలు చెప్పి గది తీసుకుని ఫ్యాన్‌కి వేలాడినవాళ్ళు ఎంతమంది! "అంకుల్, తప్పుగా అనుకోకండి. ఇంట్లో ఏమైనా గొడవా?"

కూర్మారావు చెవులు ఎర్రబడ్డాయి. "గొడవేటి? నాకేటి గొడవ? గది ఇస్తావా, పోలీసుల్ని పిలవనా?" ఈ మాట తర్వాత కౌంటర్ మనిషికి అనుమానం ఇంకా బలపడింది. ఇంటి నంబరు ఇవ్వందే గది లేదన్నాడు. ఇచ్చాడు. అతను స్పీకర్ పెట్టి ఫోన్ చేశాడు. సోఫాలో టీ తాగుతున్న ఇద్దరు మెడికల్ రిప్రజెంటేటివులు కప్పులు దించి విన్నారు.

"మేడమ్, మీ ఆయన ఒక్కరే వచ్చారు. భయమేం లేదు కదా?"

శ్రీదేవి హిందీ ఘనమైన హిందీ. "భయం ఆయనకి కాదు భయ్యా, మీకు. ఆయన చచ్చే రకం కాదు, ఎదటివాళ్ళని చంపే రకం. గది ఇచ్చెయ్యండి. కారం తక్కువ పెట్టండి."

గది దొరికింది. పరువు కౌంటర్ దగ్గరే ఉండిపోయింది. పైకి వెళ్ళి, ఆ కసి ఎవరి మీదా తీర్చుకోలేక మంచం కొలిచాడు. ఆరడుగుల మంచం ఆరు సూతులు తక్కువ! కిందికి దిగి వచ్చి చెప్పాడు. "ఆరడుగులని డబ్బు తీసుకుని తక్కువ మంచం వేస్తారా?"

"అంకుల్, మీరు అయిదున్నర అడుగులు."

"నా పొడుగు సంగతి నీకెందుకు?"

మర్నాడు మొదటి మ్యూజియం. ఒక పాత బడి గదిలో విల్లులు, డోళ్ళు, ధాన్యం కొలిచే బుట్టలు. ఒక విల్లు కింద "అయిదడుగులు" అని రాసుంది. స్కేలు తీశాడు. అయిదు సూతులు తక్కువ. అక్కడ కాపలా ఉన్న ముసలామె ఉన్ని అల్లుతోంది. ఆమెని అడిగితే "ఎండకి తగ్గుంటాది" అంది. కూర్మారావు సందర్శకుల పుస్తకం అడిగి తీసుకుని, సగం పేజీ నింపాడు. మ్యూజియం అంటే పిల్లలు నేర్చుకునే చోటనీ, అక్కడే తప్పు కొలతలు రాస్తే దేశం ఏమవుతుందనీ. కింద పేరు, ఊరు, ఫోన్ నంబరు, "రిటైర్డ్ ఫర్మా మిస్త్రీ" అని కూడా.

రెండో లాడ్జి వాడు కూడా ఇంటికి ఫోన్ చేశాడు. ఈసారి శ్రీదేవి అడక్కుండానే, "ఇచ్చెయ్యండి భయ్యా" అని పెట్టేసింది. రెండో మ్యూజియంలో ఏడడుగుల పల్లకి ఏడు సూతులు తక్కువ. అక్కడ పేజీ మొత్తం నింపాడు. ఈ దేశంలో అడుగంటే అడుగు కాదన్నమాట! కార్డు రాసేవాడికి కొలవడం బద్ధకం. వాళ్ళే కదా తన తండ్రి సింహాన్ని ఇంగ్లండ్ పంపించింది. అలాంటివాళ్ళే!

మూడో రోజు పదకొండింటికి కుసుమగడ చేరేసరికి ఆయన కోపం మంచి పదును మీద ఉంది.

కోట అంటే పెద్ద మేడ, అంతే. మ్యూజియం చూసుకునే అతని పేరు సౌరభ్. ముప్పై ఏళ్ళుంటాయి. నాలుగు గదులకీ అతనే అధికారి, అతనే టికెట్లు, అతనే చీపురు. మెట్ల దగ్గర హెల్మెట్ కూడా తీయకుండా సింహం ముందు మోకాళ్ళ మీద కూర్చున్న పెద్దమనిషిని చూసి, భక్తుడేమో అనుకున్నాడు.

కూర్మారావు ఎడమవైపు సింహం పాదం దగ్గర స్కేలు ఆనించాడు. గుర్తు పెట్టుకుంటూ పైకి జరిపాడు. తల దాకా వెళ్ళాడు. ఇంకోసారి కొలిచాడు.

ముప్పై అయిదు అంగుళాల అయిదు సూతులు. ముప్పై ఆరుకి సరిగ్గా మూడు తక్కువ.

"ఇదే!" అని అరిచాడు. "ఇదే మా నాన్న సింహం!"

సౌరభ్ పరుగెత్తుకొచ్చాడు. ఆ తర్వాత ఇరవై నిమిషాలు అతనికి మాట్లాడే అవకాశం రాలేదు. కూర్మారావు హిందీలో మొదలుపెట్టి, కోపం హిందీకి సరిపోక తెలుగులోకి దిగి, మళ్ళీ హిందీలోకి ఎక్కి, అసిరయ్య కథంతా చెప్పాడు. మెట్ల మీద పది మంది పోగయ్యారు.

"ఈ మీసాలు చూడండి! ఒక్కొక్క వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. ఇది దొరల చెయ్యా? ఇంత పని దొరలకి చేతనైతే ఇక్కడికెందుకొచ్చారు? ఇది పాలకొండ చెయ్యి, భాలుబాసా చెయ్యి! ఇప్పుడు అటు చూడండి, ఆ రెండోదాన్ని." కుడివైపు సింహాన్ని వేలితో చూపించాడు. "ముక్కు చప్పిడి. మీసాలు కలిసిపోయి అట్టు అంటుకున్నట్టున్నాయి. అజీర్తి చేసిన మొహం. అదీ మీ ఇంగ్లండ్ సరుకు! దానికి దండం పెట్టి, దీన్ని పిల్లి అన్నారు మా నాన్న ఎదటే!"

జనం తలలూపారు. ఒకాయన ఎడమ సింహం మీసాలు తడిమి "వాహ్" అన్నాడు. కూర్మారావు ఫిర్యాదుల పుస్తకం తెప్పించి, రెండు పేజీలు రాసి, సంతకం కింద రెండు గీతలు గీశాడు.

సౌరభ్ నెమ్మదస్తుడు. అంతా చదివి, "అంకుల్, నాకు నమ్మాలనే ఉంది. కానీ ఈ సింహాన్ని పోయిన వేసవిలో నేనే కొలిచాను. ముప్పై ఆరే వచ్చింది," అన్నాడు.

"నీ టేపు సాగిపోయుంటాది."

"తెస్తాను, మీరే చూడండి."

టేపు తెచ్చాడు. ముప్పై ఆరు. కూర్మారావు టేపు లాక్కుని తనే కొలిచాడు. ముప్పై ఆరు. "టేపు తప్పు," అంటూ స్కేలునీ టేపునీ పక్కపక్కన పెట్టాడు. టేపు మీద అడుగు పూర్తయ్యే చోట స్కేలు మీద అడుగు పూర్తవలేదు. ఇంకా ఒక సూత్ అవతల ఉంది.

ఒక్క సూత్!

కూర్మారావు స్కేలు తిప్పి చూశాడు. చివర్న ముప్పై ఎనిమిదేళ్ళు బొటనవేలు రాసి రాసి చెరిపేసిన చోట, ఎండలో ఏటవాలుగా పెడితే ఒక అంకె ఛాయ కనిపించింది. ఫర్మా షాపులో వాడే స్కేలే వేరు. ఇనుము ముడుచుకునే మేరని ముందే కలిపి, అంగుళాల్ని అంగుళం కంటే కాస్త పెద్దవిగా గీసి ఉంటాయి. లెక్కలు వేసుకోనక్కర్లేకుండా దాంతోనే కొలిచి ఫర్మా చేస్తారు. ఆ షాపులో అందరి దగ్గరా అదే ఉంటుంది, ఇంకొకటి ఉండదు. అది మామూలు స్కేలు కాదన్న సంగతి ఆయనకి తెలియక కాదు. తెలిసీ తెలిసీ, ఊపిరి తీసుకుంటున్నామని మర్చిపోయినట్టు మర్చిపోయాడు. దానితో లోకాన్ని కొలిస్తే లోకం అంతా అడుగుకి ఒక సూత్ తక్కువగానే వస్తుంది.

అంటే మంచం మంచమే. విల్లు అయిదడుగులే. ముసలామె ఉన్ని అల్లుకుంటూ, పల్లకి పల్లకిలా ఉండగా, తను ఊరూ పేరూ ఫోన్ నంబరుతో సహా రాసి వచ్చాడు.

"ఏమైంది అంకుల్?" అన్నాడు సౌరభ్.

కూర్మారావు చెప్పాడు. అబద్ధం చెప్పొచ్చు, జనం కూడా వింటున్నారు. కానీ కొలత విషయంలో అబద్ధం ఆయన నోటికి రాదు. పోగైన జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. మీసాలు తడిమినాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అయితే రెండోదాన్ని కొలుద్దామా?" అన్నాడు సౌరభ్. నవ్వకుండా అడిగాడు. ఆ మాటకి మాత్రం కూర్మారావు ఆ కుర్రాణ్ణి జీవితాంతం క్షమిస్తాడు.

అజీర్తి మొహం సింహాన్ని టేపుతో కొలిచారు. పాదం నుంచి తలకి ముప్పై అయిదు అంగుళాల అయిదు సూతులు. పాదాల కింద సన్నటి నల్లరాతి పలక ఒకటి దూర్చి ఉంది, రెండు తలలూ సమానంగా కనపడాలని. ఎవరు దూర్చారో గానీ, మేనేజరు కర్ర పెట్టి చూసిన తర్వాతే దూర్చి ఉంటారు.

కూర్మారావు ఆ చప్పిడి ముక్కు వంక చాలాసేపు చూశాడు. పోత మీద పోత తీస్తే గీతలు మొద్దుబారతాయి. అది ఆయనకి తెలియని సంగతి కాదు. పది నిమిషాల కిందట పది మందిలో తిట్టింది ఎవర్నో ఇప్పుడు తెలిసింది. చొక్కా కొసతో ముక్కు మీద దుమ్ము తుడిచాడు. "నాన్నా," అనబోయి, జనం ఉన్నారని దగ్గాడు.

"కార్డు మార్చొచ్చు," అన్నాడు సౌరభ్, టీ తెప్పించి, ఆఫీసు గదిలో కూర్చోబెట్టి. "ఆ అధికారం నాకుంది. కానీ కారణం రాయాలి. రెండోది ఇంగ్లండ్‌ది కాదని ఎలా తెలుసని ట్రస్టు వాళ్ళు అడుగుతారు. పొట్టిగా ఉంది కాబట్టి, అసలు దాని మీద అచ్చు తీసిన నకలు కాబట్టి. అదొక్కటే రుజువు."

కూర్మారావు గ్లాసు బల్ల మీద ఠపీమని పెట్టాడు. "అంటే పొట్టి అని రాస్తావా? మా నాన్న పేరు పక్కన? గోడకి అంటించి? భాలుబాసాలో అన్నది చాలదని, ఇప్పుడు టికెట్టు కొనుక్కుని వచ్చి మరీ నవ్వాలా జనం?"

"రాయకపోతే పేరు రాయలేను అంకుల్."

"పేరు రాయి, పొట్టి మానెయ్యి."

"పేరుకి రుజువు?"

కూర్మారావు లేచాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. ఇంటికి వెళ్ళిపోతే రెండూ ఇంగ్లండ్‌వే అవుతాయి, తండ్రిని చూసి ఎవరూ నవ్వరు. నవ్వడానికి తండ్రే ఉండడు.

"నీకేటి తెలుసు?" అన్నాడు చివరికి. ఇప్పటి కోపం సౌరభ్ మీద కాదు. "నాను ఫర్మా పనిలో చేరిన రోజున మా నాన్న చెప్పాడు, ఒకే ఒక్కసారి. మేనేజరు తొమ్మిది రోజులే ఇచ్చాడు. యువరాజు పెళ్ళట. ఫర్మా చెయ్యాలంటే నెల పడతాది. నాన్న ముందే చెప్పాడు, 'బాబూ, దీని మీద అచ్చు తీస్తే తగ్గుతాది' అని. 'తగ్గితే తగ్గనీ, పెళ్ళికి నిలబడాలి' అన్నాడా మేనేజరు. తొమ్మిదో రోజున కర్ర పెట్టి చూసింది ఎవరు? వాడే! పిల్లి అన్నది ఎవరు? వాడే! మా నాన్న నోరెత్తలేదు. చెప్పినా వినే చెవులెక్కడివి? అది తప్పు కాదు బాబూ, అది గడువు!"

సౌరభ్ పెన్ను తీశాడు. "అదంతా రాద్దాం."

"అంతా?"

"కార్డు మీద నాలుగు లైన్లే పడతాయి."

అక్కడ మొదలైంది అసలు యుద్ధం. తొమ్మిది రోజులు ఉండాల్సిందే. ముందే చెప్పాడన్నది ఉండాల్సిందే. జంషెడ్‌పూర్, అసిరయ్య, ఉండాల్సిందే. పొట్టి అన్న మాట దగ్గర కూర్మారావు కళ్ళు మూసుకుని "ఊఁ" అన్నాడు. రాస్తే ఆరు లైన్లయ్యాయి. పాత కార్డు నమూనాలో పైన ఒకటిన్నర లైను రాజుగారి బిరుదులు తీసుకున్నాయి.

"ఇవెందుకు?" అన్నాడు కూర్మారావు. "ఇసుక జల్లించాడా? కొలిమి ఊదాడా? చెయ్యి కాల్చుకున్నాడా?"

సౌరభ్ తలుపు వైపు చూశాడు, ఎవరైనా వింటున్నారేమోనని. తర్వాత బిరుదులన్నీ కొట్టేశాడు. "రాజుగారి కాలంలో" అన్నది మాత్రం ఉంచనీయమన్నాడు. అదీ వద్దన్నాడు కూర్మారావు. అదీ పోయింది. అయినా నాలుగున్నర లైన్లు వచ్చాయి. అక్షరాలు చిన్నవి చేశారు.

ఫిర్యాదుల పుస్తకంలో తన రెండు పేజీలూ చింపెయ్యమని కూర్మారావు అడిగాడు. పేజీలకి నంబర్లున్నాయి, కుదరదన్నాడు సౌరభ్. దాంతో కిందనే "పైన రాసినది నా స్కేలు వల్ల జరిగిన పొరపాటు" అని రాయాల్సి వచ్చింది. ఇదే వాక్యం తిరుగుదారిలో ఇంకో రెండు పుస్తకాల్లో రాయాలి. లాడ్జిలో మంచం సంగతి మాత్రం చెప్పకూడదని నిశ్చయించుకున్నాడు.

అక్కణ్ణుంచే శ్రీదేవికి ఫోన్ చేశాడు.

"రాసేరు," అన్నాడు.

"మావయ్య పేరా?"

"పేరూ రాసేరు. పొట్టి అనీ రాసేరు."

"మావయ్య ఉండుంటే కోపం వచ్చును," అంది.

"వచ్చును. వచ్చి, తరవాత నాలుగుసార్లు చదివించుకునేవోడు."

మూడింటికి కొత్త కార్డు గోడకెక్కింది. జిగురు ఆరేదాకా కూర్మారావు కదల్లేదు. అప్పుడే రవుర్కెలా నుంచి ఒక కుటుంబం దిగింది. కళ్ళద్దాల పెద్దమనిషి కార్డు ముందు నిలబడి, భార్యకి వినపడేలా పైకి చదివాడు. "కుడిది జంషెడ్‌పూర్‌లో అసిరయ్య అనే మోల్డర్ పోసినది. తగ్గుతుందని ఆయన ముందే చెప్పినా ఫర్మాకి వ్యవధి ఇవ్వలేదు. అసలు సింహం మీదే అచ్చు తీసి తొమ్మిది రోజుల్లో ముగించాడు. అందువల్ల మూడు సూతులు పొట్టి." చదివి నాలుగడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి, ఆ సింహాన్నీ ఈ సింహాన్నీ చూశాడు.

"పొట్టి ఎక్కడ?" అన్నాడు. "రెండూ సమానమే. ఊరికే రాస్తారు."

కూర్మారావు మెట్టు మీంచి లేచాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"సమానమా? కింద రాతి పలక కనబడ్డం లేదూ? సరిగ్గా మూడు సూతులు తక్కువ! సౌరభ్ బాబూ, ఆ టేపు ఇలా తే. ఈయనకి చూపిద్దాం!"